గదిలో ఉన్న మనిషికి ఏ సినిమా?

(రోగుల బంధువుల కోసం ఆసుపత్రి వెయిటింగ్ హాలులో ఒక నర్సు చేసిన ప్రసంగ పాఠం)



ఈ హాలులో మీరు షుగరు గురించి, బీపీ గురించి, పసిబిడ్డల టీకాల గురించి వింటూ ఉంటారు. ఈ రోజు సిస్టరు సినిమాల గురించి మాట్లాడుతుందంటే కొందరికి నవ్వు వస్తుందని నాకు తెలుసు. నవ్వండి, పరవాలేదు. కాని డిశ్చార్జి చేసేటప్పుడు డాక్టరుగారు "ఇంకో రెండు వారాలు వేరే గదిలో ఉంచండి" అనగానే మీరు మమ్మల్ని అడిగే ప్రశ్నలు నాకు కంఠతా వచ్చు. ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు, తలస్నానం చేయించవచ్చా, పిల్లల్ని దగ్గరకు రానివ్వవచ్చా అని అడుగుతారు. మెలకువగా ఉన్న పద్నాలుగు, పదిహేను గంటలూ ఆ మనిషి ఆ గదిలో ఏం చేయాలని మాత్రం ఎవరూ అడగరు. చేతికి ఫోను ఇచ్చి తలుపు మూస్తారు. ఆ ఫోనులో ఏం చూస్తున్నారో మందు ఎంత ముఖ్యమో అంత ముఖ్యం అని చెప్పను గాని, మందు మింగడానికీ మానడానికీ కూడా అది కారణం కావడం నేను చూశాను. అందుకే ఈ మాటలు.

జబ్బు మనిషిని విడిగా ఉంచడం 2020లో కొత్తగా వచ్చింది కాదు. లేవీయకాండము 13వ అధ్యాయం చదివినవారికి తెలుసు. చర్మం మీద మచ్చ కనబడితే యాజకుడు ఆ మనిషిని ఏడు దినములు కడగా ఉంచాలి. ఏడవ దినమున వెళ్ళి చూడాలి. తేలకపోతే మరో ఏడు దినములు ఉంచి మళ్ళీ చూడాలి. ఉంచమని ఎంత స్పష్టంగా ఉందో, వెళ్ళి చూడమని కూడా అంతే స్పష్టంగా ఉంది. తర్వాతి కాలంలో వెనిస్ రేవులో ప్లేగుకు భయపడి ఓడలను నలభై రోజులు ఆపేవారు. వాళ్ళ భాషలోని ఆ "నలభై" అన్న మాట నుంచే క్వారంటైన్ అనే పేరు వచ్చింది. ఇప్పుడు నలభై రోజులు అక్కరలేదు. ఆటలమ్మ అయితే పొక్కులన్నీ చెక్కు కట్టేవరకు, గవదబిళ్ళలు అయితే వాపు మొదలైన దగ్గర నుంచి ఐదు రోజులు. కఫంలో క్రిములు ఉన్న క్షయ అయితే మందులు సరిగా పడుతూ కనీసం మొదటి రెండు వారాలు, ఆపైన డాక్టరు చెప్పినంత కాలం. క్యాన్సరు మందు ఎక్కించుకుని రక్తకణాలు తగ్గినవారిని మాత్రం ఎదుటివారికి అంటకుండా కాదు, ఎదుటివారి జబ్బు తమకు అంటకుండా ఉంచుతాం. గది అదే, కారణం వేరు.

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైనప్పుడు అందరం ఒకేసారి ఇంట్లో కూర్చున్నాం. దూరదర్శన్ వాళ్ళు ఆ నెల 28 నుంచి పాత రామాయణం సీరియల్ మళ్ళీ వేస్తే మూడు తరాలవాళ్ళూ కలిసి చూశారు. అప్పుడు కష్టమైనా అందరం కలిసి పడ్డాం. ఇప్పుడు మీ ఇంట్లో ఒక్కరే గదిలో ఉంటారు. మిగతావాళ్ళ నవ్వులు, పోపు వాసన, పిల్లల గొడవ అన్నీ వాళ్ళకు తలుపు అవతల నుంచి వినబడుతూ ఉంటాయి. ఆ ఒంటరితనం వేరు.

సరే, ఏ సినిమా? మొదటి మాట: మీకు నచ్చింది కాదు, వాళ్ళకు నచ్చింది. "ఇది మంచి సినిమా నాన్నా, చూడు" అని కొడుకులు పెట్టి వెళ్ళిపోతారు. తండ్రికి ఆ భాషా అర్థం కాదు, ఆ వేగమూ అందదు. పాపం, కొడుకు నొచ్చుకుంటాడని చూస్తూ కూర్చుంటాడు. ముందు అడగండి. అడిగితే చాలామంది తాము ఎప్పుడో చూసిన సినిమా పేరే చెబుతారు. చెప్పనివ్వండి. జ్వరం వచ్చి తగ్గుతున్న మనిషికి చూసిన సినిమా కంటే మేలైనది లేదు. మధ్యలో కన్ను అంటుకున్నా కథ తప్పిపోదు. లేచాక ఎక్కడ ఉందో అక్కడ నుంచి చూసుకోవచ్చు. "మాయాబజార్" 1957లో వచ్చింది, మూడు గంటల సినిమా. ఏ పది నిమిషాలు చూసినా సరిపోతుంది. "మిస్సమ్మ", 1955 నాటిది, మా హాస్టల్ రోజుల నుంచి నాకు ఇష్టం. ఉద్యోగం కోసం భార్యాభర్తల్లా నటించే ఇద్దరు టీచర్ల కథ. సావిత్రిగారు మేరీగా చిరచిరలాడుతూ ఉంటే చూడటానికి జ్వరం ఉన్నా లేకపోయినా బాగుంటుంది. "గుండమ్మ కథ" సంగతి చెప్పనక్కరలేదు. ఆ సినిమాల్లో ఎవరూ గట్టిగా అరవరు, తెర మీద దృశ్యాలు కళ్ళు తిరిగేలా మారవు. తలనొప్పి ఉన్నవారికి అది పెద్ద సుఖం.

ఒక్క జాగ్రత్త. నోరు చేదుగా ఉండి అన్నం సయించని మనిషికి ఘటోత్కచుడు పెళ్ళి భోజనం ఆరగించే ఘట్టం చూస్తే నోట్లో నీళ్ళూరుతాయి. మంచిదే. ఆపరేషన్ అయి నోటి ద్వారా ఏమీ ఇవ్వవద్దని మేం చెప్పినవారికి మాత్రం ఆ రోజు వేరే సినిమా పెట్టండి.

నవ్వు గురించి కూడా చెప్పాలి. నవ్వు మందు అని అందరూ అంటారు. నేనూ కాదనను. కాని పొట్ట మీద కొత్తగా కుట్లు పడినవారికి నవ్వు ఎంత నొప్పో మా సర్జికల్ వార్డులో ఎవరినైనా అడగండి. నవ్వు వచ్చినా దగ్గు వచ్చినా చిన్న దిండు పొట్టకు అదుముకుని పట్టుకోవాలని వాళ్ళకు మేం నేర్పుతాం. గవదబిళ్ళలు ఉన్న పిల్లవాడికి దవడ కదిపితే ప్రాణం పోతుంది, హాస్యం రెండు రోజులు ఆగాక పెట్టండి. ఊపిరితిత్తులకు నెమ్ము చేసి తగ్గుతున్నవారికి పకపకా నవ్వితే దగ్గు తెర వస్తుంది. జంధ్యాలగారి "అహ నా పెళ్ళంట" 1987లో వచ్చింది. పిసినారి కోట శ్రీనివాసరావు కోడిని వేలాడదీసి దాన్ని చూస్తూ వట్టి అన్నం తినే సన్నివేశానికి దగ్గు రాకుండా నవ్వగలిగినవారు లేరు. అది కోలుకున్న రెండో వారానికి ఉంచుకోండి. మొదటి వారం చిరునవ్వు చాలు.

ఇప్పుడు చూపించకూడనివి. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

మన సినిమాల్లో జబ్బు వస్తే ఏమవుతుంది? దగ్గుతారు, రుమాలు మీద రక్తం పడుతుంది, చివరి రీలులో చనిపోతారు. 1953 నాటి "దేవదాసు" నుంచి అదే వరస. 1981లో "ప్రేమాభిషేకం"లో హీరోకు క్యాన్సరు. 1989లో "గీతాంజలి"లో హీరో హీరోయిన్లు ఇద్దరికీ నయం కాని జబ్బులే. అవి మంచి సినిమాలు కావని అనడం లేదు, నేనూ ఏడ్చినదాన్నే. కాని ఆరోగ్యంగా ఉండి ఏడవడం వేరు, అదే జబ్బు పేరు మన చీటీ మీద రాసి ఉండగా చూడటం వేరు.

ఒక డిగ్రీ చదివే అమ్మాయికి క్షయ అని తేలింది. మందులు మొదలుపెట్టి ఇంటికి పంపాం. వెనక గదిలో ఉంచారు. రెండో వారంలో తల్లి వచ్చి "సిస్టరుగారూ, పిల్ల తిండి మానేసింది, మాట్లాడటం లేదు" అని ఏడ్చింది. మందుల అట్ట తెమ్మన్నాను. నాలుగు రోజుల మాత్రలు అలాగే ఉన్నాయి. అమ్మాయిని పిలిపించి కూర్చోబెట్టి అడిగితే చాలాసేపటికి చెప్పింది. ఫోనులో ఏదో పాత సినిమా చూసింది. అందులో క్షయ వచ్చినావిడ రక్తం కక్కి చనిపోయింది. మరునాడు ఉదయం తనకు మూత్రం ఎర్రగా వచ్చింది. తనకూ రక్తం పోతోందనుకుంది. ఎలాగూ చచ్చిపోయేదానికి మాత్రలు ఎందుకని మానేసింది.

క్షయ మందుల్లో ఒకటి రిఫాంపిసిన్. అది వేసుకుంటే మూత్రం నారింజ రంగులో, కొందరికి ఎరుపులా వస్తుంది. చెమటకూ కన్నీళ్ళకూ కూడా ఆ రంగు రావచ్చు. అది రక్తం కాదు, మందు రంగు. మందు మొదలుపెట్టినప్పుడు ఈ సంగతి తల్లికి చెప్పి ఉంది, తలుపు అవతల ఉన్న కూతురి దాకా అది చేరలేదు. ఆ అమ్మాయి తిరిగి మాత్రలు మొదలుపెట్టింది, ఆరు నెలలూ వాడింది, ఇప్పుడు బాగుంది. ఆ పాత సినిమాల కాలంలో క్షయకు సరైన మందులు అప్పుడప్పుడే వస్తున్నాయి. ఈనాడు మందులకు లొంగే మామూలు క్షయ ఆరు నెలలు వదలకుండా వాడితే నయమవుతుంది. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. మంచి తిండి కోసం నెలకు ఇచ్చే డబ్బును కూడా 2024 నవంబరు నుంచి 500 రూపాయల నుంచి 1000 రూపాయలకు పెంచారు. ఈ మాట గదిలో ఉన్నవారికి మీ నోటితో చెప్పండి. అలాంటి సినిమా కనబడితే పక్కన, అంటే తలుపు దగ్గర, ఒకరు కూర్చుని "అప్పట్లో మందు లేదమ్మా" అని ఒక్క మాట అనండి.

అలాగే సినిమా మొదలు బాగుంది కదా అని పెట్టేయకండి, చివర ఏమవుతుందో గుర్తు చేసుకోండి. "శంకరాభరణం" సంగీతం కోసం పెద్దవాళ్ళు అడుగుతారు. పాటలు ఎన్నిసార్లయినా వినండి. కాని అందులో హత్య ఉంది, చివర శాస్త్రిగారు కచేరీలోనే కన్నుమూస్తారు. గుండెపోటు నుంచి లేచిన పెద్దాయనకు ఒంటరి గదిలో, రాత్రిపూట అది వద్దు. "సాగర సంగమం"లో కమల్ హాసన్ తాగి తూలుతూ ఉంటాడు. తాగుడు మాని పది రోజులు కాని మనిషి దగ్గర గ్లాసు గలగలలు వినిపించకండి. పిల్లల సినిమా అనగానే "లిటిల్ సోల్జర్స్" గుర్తుకొస్తుంది. ముచ్చటగా ఉంటుంది, కాని ఆ పిల్లల తల్లిదండ్రులు ప్రమాదంలో పోతారు. అమ్మ గదిలోకి రావడం లేదేమని బెంగపెట్టుకున్న ఆరేళ్ళ బిడ్డకు అది ఆటలమ్మ తగ్గాక చూపించండి. దాని బదులు "ఆదిత్య 369" పెట్టండి. కాలంలో వెనక్కీ ముందుకూ తిరిగే యంత్రం ఉంటుంది, కాస్త పెద్ద పిల్లలు గోక్కోవడం మరచిపోయి చూస్తారు. ఆటలమ్మలో గోక్కోకపోవడమే సగం వైద్యం. గోళ్ళు కత్తిరించడం మాత్రం సినిమాకు ముందే చేయండి. జ్వరానికి ఆస్పిరిన్ ఇవ్వవద్దు, డాక్టరు చెప్పిన మందే ఇవ్వండి. తట్టు పోసిన బిడ్డకు మాత్రం వెలుగు చూస్తే కళ్ళు గుచ్చుకుంటాయి. వాళ్ళకు తెర వద్దు, కథ చెప్పండి.

భక్తి సినిమా గురించి మీలో కొందరు అడుగుతారు. "కరుణామయుడు" 1978లో వచ్చినప్పటి నుంచి ఎన్నో ఊళ్ళలో తెల్లగుడ్డ కట్టి చూపించారు. విశ్వాసులకు ఎంతో ఆదరణ. కాని కొరడా దెబ్బలు, సిలువ దృశ్యాలు ఉంటాయి. నొప్పితో ఉన్నవారు కొందరు వాటిని చూసి ధైర్యం తెచ్చుకుంటారు, కొందరు బెదురుతారు. రోగిని అడిగి పెట్టండి. మన ఆసుపత్రికి అన్ని మతాలవారూ వస్తారు. హిందూ సోదరులు రామాయణం అడిగితే రామాయణం, ముస్లిం సోదరులు రంజాను ప్రసంగం అడిగితే అది. గదిలో ఉన్న మనిషికి మన ఇష్టాన్ని రుద్దడానికి ఇది సమయం కాదు.

మా వార్డులో ఒడిశా నుంచి ఇటుక బట్టీ పనికి వచ్చినవాళ్ళు కూడా ఉంటారు. తెలుగు రాదు. చెవి వినబడని తాతలూ ఉంటారు. వీళ్ళకు నేను చెప్పేది "పుష్పక విమానం". సింగీతం శ్రీనివాసరావుగారు 1987లో ఒక్క మాట కూడా లేకుండా తీసిన సినిమా. భాష అక్కరలేదు, చెవి అక్కరలేదు. ఇక నాలుగు గోడలు చూసి విసిగిపోయినవారికి శేఖర్ కమ్ముల "గోదావరి", 2006లోది. రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా లాంచీ ప్రయాణం. కథ ఎలా ఉన్నా ఆ నీళ్ళూ ఆ కొండలూ చూస్తుంటే గది కిటికీ పెద్దదైనట్టు ఉంటుందని ఒక పేషెంటు నాతో అన్నాడు.

సినిమాకు ఇంటర్వెల్ ఉండటం మన అదృష్టం. ఆ విరామాన్ని మీరు వాడుకోండి. ఇంటర్వెల్ రాగానే మంచం దిగాలి, గదిలోనే నాలుగు అడుగులు వేయాలి, నీళ్ళు తాగాలి, మూత్రానికి వెళ్ళాలి, జ్వరం చూసుకోవాలి, వేళ అయితే మాత్ర వేసుకోవాలి. మూడు గంటలు కాళ్ళు చాపుకుని కదలకుండా ఉండటం జబ్బు మనిషికి మంచిది కాదు, కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. సినిమాతో పాటు మిక్స్చరు పొట్లం, కూల్ డ్రింకు అందించవద్దు. స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవారికి షుగరు అసలే పెరుగుతుంది. ఆ మాత్రలకు నిద్ర కూడా పట్టదు, కాబట్టి వాళ్ళు రాత్రి పదకొండింటికి కత్తులూ రక్తాలూ ఉన్న సినిమా మొదలుపెడితే తెల్లవారినట్టే. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మంచి వేళ. మన పాత ఫస్ట్ షో వేళే అనుకోండి.

ఇప్పుడు చెప్పేది దయచేసి గుర్తుపెట్టుకోండి. సినిమా అయ్యాక తలుపు దగ్గర కూర్చుని, లేదా ఫోనులో, "కథ ఏమిటండీ" అని అడగండి. 2021లో కోవిడ్ రెండో విడత వచ్చినప్పుడు ఒక రిటైర్డ్ మాస్టారు మేడమీద గదిలో ఉన్నారు. ఆయన భార్య రోజూ సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఆ రోజు చూసిన సినిమా కథ చెప్పించుకునేది. ఆయనకు కథ చెప్పడమంటే ఇష్టం, ఒకటికి రెండు కలిపి చెప్పేవారు. ఆరో రోజున మూడు మాటలకు ఒకసారి ఆగుతున్నారు. "అలసటగా ఉందా" అంటే "ఏం లేదు, బాగానే ఉన్నాను" అన్నారు. ఆమెకు నమ్మకం కుదరలేదు. వేలికి పెట్టే మీటరు పెట్టించింది. 88 ఉంది. ఆ రాత్రే ఆసుపత్రికి తెచ్చారు, పదకొండు రోజులకు ఇంటికి వెళ్ళారు. ఆక్సిజన్ తగ్గినా కొందరికి ఆయాసం తెలియదు, సినిమాలో మునిగి ఉంటే ఇంకా తెలియదు. ఒక వాక్యం గుక్క తిప్పుకోకుండా చెప్పలేకపోతే, నిన్న చూసిన సినిమా ఏదో కలగాపులగంగా చెబితే, పెదవులు నీలంగా కనబడితే, మీటరులో 94 కంటే తక్కువ వస్తే, ఇక శుభం కార్డు దాకా ఆగవద్దు. మాకు ఫోను చేయండి, లేదా 108కి.

ఇంకో రకం మార్పు కూడా ఈ కథ చెప్పించుకోవడంలోనే దొరుకుతుంది. ఊపిరి బాగానే ఉంటుంది, కాని ఏమీ చూడాలని ఉండదు. పెట్టిన సినిమా ఆపేస్తారు, ఇష్టమైన హాస్యానికీ ముఖం కదలదు, "నేనుండి ఏం లాభం" అంటారు. దాన్ని బద్ధకం అని కోప్పడకండి. మాకు చెప్పండి. మనసు బాగుండనివారి కోసం ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది, నంబరు 14416. తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు ఖర్చు లేదు.

టీవీ ఎక్కడ పెట్టాలని అడిగినవాళ్ళకు ఒక కుటుంబం చేసిన పని చెబుతాను. తండ్రికి క్షయ. టీవీని కిటికీలో వరండావైపు తిప్పి పెట్టారు. తండ్రి వరండాలో నులక మంచం మీద, మాస్కు పెట్టుకుని. మిగతావాళ్ళు వాకిట్లో చాప మీద, కాస్త ఎడంగా. క్షయ కంచాల వల్ల, బట్టల వల్ల అంటదు, దగ్గినప్పుడు గాలిలో వస్తుంది. గాలి ఆడే వరండా మూసిన గది కంటే ఎంతో మేలు. అందరూ ఒకే సినిమా చూశారు. ఇల్లు ఇరుకైతే ఫోనులో ఇద్దరూ ఒకే సమయానికి మొదలుపెట్టుకుని చూడవచ్చు, మా నర్సింగ్ పిల్లలు అలాగే చేస్తారు.

రిమోటు, ఫోను గదిలో నుంచి బయటకు వస్తే సబ్బు నీటితో గట్టిగా పిండిన గుడ్డతోనో, శానిటైజరు తడి చేసిన గుడ్డతోనో తుడిచి, తర్వాత మీ చేతులు కడుక్కోండి. ఫోను మీద నీళ్ళు పోయకండి, పోసినవాళ్ళు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. కండ్ల కలక వచ్చినవారికి సినిమా మానిపించి రేడియో పెట్టండి.

మధ్యాహ్నం మందుల వేళ అయింది. వార్డులోకి వెళ్ళేవారు చేతులు కడుక్కుని ఒక్కొక్కరుగా వెళ్ళండి. ప్రశ్నలు ఉన్నవారు ఉండండి. ముందు బల్ల మీద కూర్చున్న అమ్మ చాలాసేపటి నుంచి ఏదో అడగాలని చూస్తోంది. చెప్పమ్మా.